చూపు, వినికిడి రెండూ తక్కువైన బిడ్డకు ఏది మేలు: ఇల్లా, దగ్గరి బడా, దూరపు హాస్టలా?

పోయిన వేసవిలో ఒక తండ్రి ఫోన్ చేశారు. పాపకు నాలుగేళ్లు. పుట్టుకతోనే రెండు కళ్లలో శుక్లాలు, గుండెలో చిన్న రంధ్రం. కళ్లకు ఆపరేషన్ చేయించారు కానీ చూపు అంతంతమాత్రం. చెవులు కూడా వినపడటం లేదని బెరా పరీక్షలో తేలింది. అంధుల బడికి వెళ్తే "వినపడదు కదండీ, చెవిటి పిల్లల బడిలో అడగండి" అన్నారట. అక్కడ అడిగితే "కళ్లు కనపడని పిల్ల మా సైగలు ఎలా చూస్తుందండీ" అన్నారట. బుద్ధిమాంద్యం పిల్లల బడివాళ్లు మాత్రం పంపించమన్నారు. "మరి అక్కడే చేర్చేయమంటారా మేడమ్?" అని ఆయన అడిగారు.

తొందరపడొద్దన్నాను. ఫోన్లో అంతకన్నా వివరంగా చెప్పలేకపోయాను. ఆయనకు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. నేను కోస్తాలో ఒక మండలంలో స్పెషల్ టీచర్ని. పదమూడేళ్ల సర్వీసులో ఇలాంటి పిల్లలు నా చేతికి వచ్చింది నలుగురే. నలుగురికీ నాలుగు దారులు పడ్డాయి. కాబట్టి "ఫలానా చోటే మంచిది" అని ఒక్క మాటలో తేల్చే ధైర్యం నాకు లేదు. ఏ పిల్లకు ఏది నప్పుతుందో తూచుకునే పద్ధతి మాత్రం చెప్పగలను.

మొదట మాట విషయం. డెఫ్‌బ్లైండ్ అనగానే అసలేం కనపడదు, అసలేం వినపడదు అనుకుంటారు. అలాంటి పిల్లలు తక్కువ. చాలామందికి రెండింట్లోనూ ఎంతో కొంత మిగిలి ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, చెవిటి బిడ్డ కళ్లతో నెట్టుకొస్తుంది, చూపు లేని బిడ్డ చెవులతో నెట్టుకొస్తుంది. ఈ బిడ్డకు ఆ రెండో ఆసరా కూడా సగమే. అందుకే 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్ని బహుళ వైకల్యాల కింద పేరుపెట్టి మరీ చేర్చింది. చూపు లేని, వినికిడి లేని, లేదా రెండూ లేని పిల్లలకు వాళ్లకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని అదే చట్టం బడులకు చెబుతోంది. "మా దగ్గర కుదరదు" అన్న బడివాళ్లకు ఈ సంగతి గుర్తుచేయండి. గొడవకు కాదు, వాళ్లకు నిజంగానే తెలియకపోవచ్చు.

ముందు ఎనభై గంటల లెక్క

వారంలో పిల్ల మెలకువగా ఉండేది తక్కువలో తక్కువ ఎనభై గంటలు. మండలంలో వైకల్యం ఉన్న పిల్లల కోసం ఉండే భవిత సెంటర్ నుంచి నేను ఇంటికి వచ్చేది వారానికి ఒకసారి, గంటో గంటన్నరో. టౌన్లో ప్రైవేటు థెరపీకి వారానికి మూడు రోజులు తీసుకెళ్లినా, సెషన్ ముప్పావుగంట చొప్పున రెండుంబావు గంటలు. మిగతా డెబ్బై ఆరు గంటలు ఎవరి చేతుల్లో గడుస్తున్నాయి? నా మటుకు నేను ఏ చోటునైనా ఈ లెక్కతోనే తూస్తాను. బిల్డింగ్ ఎంత బావుంది, ఎన్ని మిషన్లు ఉన్నాయి, పేరు ఎంత పెద్దది అన్నవి తర్వాత. ఈ పిల్ల భాష ఎంతమంది చేతులకు వస్తుంది, రోజులో ఎంతసేపు వస్తుంది, అది ముందు.

పిల్ల భాష అంటే ఏమిటో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను.

ఆ ఇంట్లో పాపకు అప్పుడు అయిదేళ్లు. రోజూ స్నానం దగ్గర యుద్ధమే. నాయనమ్మ ఎత్తుకెళ్లి బాత్రూంలో కూర్చోబెట్టి ఒంటిమీద నీళ్లు పోయగానే కేకలు, గీరడాలు. "దీనికి నీళ్లంటే భయం టీచరమ్మా" అనేది ఆవిడ. నాకు అది నీళ్ల భయం అనిపించలేదు. ఎవరో హఠాత్తుగా ఎత్తారు, ఎక్కడికో తెలియదు, ఒక్కసారిగా ఒళ్లంతా తడి. మనకు కళ్లకు గంతలు కట్టి అలా చేస్తే మనమూ అరుస్తాం. ఇంట్లో ఒక చిన్న ఇత్తడి చెంబు ఉంటే, స్నానానికి ఎత్తే ముందు ప్రతిసారీ దాన్ని పాప చేతికి ఇవ్వమన్నాను. చెయ్యి పట్టి లాగి తాకించడం కాదు. నాయనమ్మ చెయ్యి కింద ఉండాలి, పాప చెయ్యి దానిమీద వాలి ఉండాలి. పట్టుకోవాలా వదిలేయాలా అన్నది పాప ఇష్టం. చెంబు తాకాక ఎత్తాలి. బాత్రూం గడప దగ్గర ఆగి, బకెట్లో వేళ్లు ముంచనివ్వాలి. అప్పుడు పాదాల మీద మొదటి నీళ్లు.

నాలుగు వారాలకు ఏడుపు తగ్గింది. అసలు సంగతి మే నెలలో. ఉక్కపోతకు మధ్యాహ్నం నిద్రలేచిన పాప పాక్కుంటూ వెళ్లి, గూట్లో తడుముకుని, ఆ చెంబు తెచ్చి నాయనమ్మ ఒళ్లో పెట్టింది. ఫోన్ చేసి చెబుతూ పెద్దావిడ ఏడ్చేసింది. అది ఆ పిల్ల అడిగిన మొట్టమొదటి మాట.

దీనికి ఖర్చు ఏమీ లేదు, మిషను అక్కర్లేదు. కానీ ఆ నాలుగు వారాలూ రోజూ చేసింది నాయనమ్మ. వారానికి గంట వచ్చే నేను ఆ గంటా పాపతోనే ఆడుకుని వెళ్లిపోయి ఉంటే ఇది జరిగేది కాదు.

ఎక్కడ చేర్చాలో తేల్చుకునే ముందు

చూపు ఎంత, వినికిడి ఎంత అన్నది కాగితం మీదే కాదు, రోజువారీ పనిలో ఎంత అన్నది తెలియాలి. మొదటి మెట్టు మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఉండే డీఈఐసీ, అంటే పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించే సెంటర్. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఇక్కడ చూస్తారు. అంగన్‌వాడీ టీచరో, ఆశా వర్కరో చీటీ రాసి పంపిస్తారు.

కళ్లకు హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి గురించి చెప్పక్కర్లేదు. అక్కడ ఆపరేషన్లు చేసే విభాగం వేరు, చూపు తిరిగి రాని పిల్లలకు ఉన్న చూపుతోనే ఎలా బతకాలో నేర్పే పునరావాస విభాగం వేరు. మొదటి దానితో ఆగిపోయి వచ్చేసేవాళ్లు చాలామంది. రెండో దాని గడప తొక్కే రండి. ఎంత వెలుతురు కావాలి, ఏ రంగు పక్కన ఏ రంగు తెలుస్తుంది, ఎంత దూరంలో బొమ్మ పెడితే తల తిప్పుతుంది, ఇవన్నీ అక్కడ చూస్తారు. తెల్లన్నం మెరిసే స్టీలు పళ్లెంలో పెడితే కనపడని పిల్లే, నల్ల పళ్లెంలో పెడితే తన చేత్తో తింటుంది. నేను రెండు ఇళ్లలో పళ్లేలు మార్పించాను.

చెవులకు బెరా ఒక్కటే చేయించి సరిపెట్టుకోకండి. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం, ఆలోచన ఉంటే లోపలి చెవి, వినికిడి నరం ఎలా ఉన్నాయో స్కానింగ్‌లో చూడాల్సిందే. ఛార్జ్ సిండ్రోమ్ అనే జన్యు లోపం ఉన్న పిల్లల్లో కొందరికి ఆ నరం సన్నగా ఉంటుంది, కొందరికి అసలు ఉండదు.

కారణం ఏమిటన్నది డాక్టరుతో తేల్చుకోవడం కూడా ముఖ్యమే, దారి దాన్ని బట్టి మారుతుంది. పైన చెప్పిన శుక్లాలు, గుండె రంధ్రం, చెవుడు మూడూ కలిసి వచ్చాయంటే, తల్లికి గర్భంలో రుబెల్లా వచ్చిందా అన్నది డాక్టర్లు ముందు అనుమానిస్తారు. నెలలు నిండకుండా పుట్టడం, మెదడు పొరల వాపు కూడా కారణాలు. మేనరికపు పెళ్లిళ్లున్న కుటుంబాల్లో అషర్ సిండ్రోమ్ గురించి అడగాలి. దాని కథ వేరు, కింద చెబుతాను.

భవిత సెంటర్, ఇంటి దగ్గర చదువు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. మాలాంటి స్పెషల్ టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు ఉంటుంది. సెంటర్‌కు రాలేని పిల్లల ఇంటికి మేమే వెళ్తాం. 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణ ప్రకారం తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. కాబట్టి ఇది మొహమాటంతో అడిగే సాయం కాదు.

మా లోపం మేమే చెప్పుకోవాలి. మాలో చాలామంది చదివింది బుద్ధిమాంద్యంలోనో, వినికిడిలోనో, చూపులోనో డిప్లొమా. డెఫ్‌బ్లైండ్ మీద ట్రైనింగ్ ఉన్నవాళ్లు బహు తక్కువ. మొదటి పాప దగ్గరికి వెళ్లినప్పుడు నాకూ ఏమీ తెలియదు. పైగా రిజిస్టర్లు, సర్వేలు, క్యాంపులు. వారానికి రావాల్సినవాళ్లం రెండు వారాలకు వస్తాం. వచ్చిన రోజున "మేడమ్, మీరు చేసేది నాకు చూపించండి, నేను చేస్తా, తప్పుంటే చెప్పండి" అని పక్కన కూర్చునే తల్లి ఇంట్లో పని సాగుతుంది. కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లిపోయే తల్లి ఇంట్లో సాగదు. కాఫీ తర్వాత తాగుతాం.

ఆరేళ్ల లోపు బిడ్డకు నా ఓటు ఇంటికే. దానికి తోడుగా, కింద చెప్పే పెద్ద సంస్థల సలహా ఉండాలన్న షరతుతో.

సికింద్రాబాద్, ముట్టుకాడు: చేర్చడానికి కాదు, నేర్చుకోవడానికి

సికింద్రాబాద్ బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. 1984లో పెట్టింది, పాతవాళ్లు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. ప్రధానంగా బుద్ధిమాంద్యానికి. కానీ 2021లో దేశమంతటా మొదలైన పద్నాలుగు క్రాస్ డిజెబిలిటీ సెంటర్లలో ఒకటి అక్కడుంది. చిన్నపిల్లలకు కన్ను, చెవి, కాలు చెయ్యి, తెలివి అన్నీ ఒకే చోట చూడటం దాని ఉద్దేశం. వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మనోవికాస్ నగర్‌లోనే. ఒక్క ప్రయాణంలో రెండు మూడు పనులు అవుతాయి, ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటే.

చెన్నై పక్కన ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడులో ఎన్‌ఐఈపీఎండీ ఉంది. 2005లో ఏర్పడింది. దీని పేరులోనే బహుళ వైకల్యాలు ఉన్నాయి, డెఫ్‌బ్లైండ్ టీచర్లను తయారుచేసే కోర్సు కూడా అక్కడ నడుస్తుంది. మన పిల్లల సమస్యకు నేరుగా సరిపోయేది ఇదే అని నా అభిప్రాయం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లకు సికింద్రాబాద్ కన్నా ఇదే దగ్గర కూడా. తమిళం రాదని వెనకాడకండి. చేతిలో చేసే సైగకు తమిళం, తెలుగు ఉండవు. మీకు చెప్పే మాటలకే కాస్త ఇబ్బంది. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సమగ్ర ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీ ఉంది, మొదటి పరీక్షలకు అక్కడ మొదలుపెట్టినా తప్పులేదు.

ఈ చోట్లకు వెళ్లేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పిల్లను అక్కడ పెట్టి వచ్చేద్దామన్నట్టు వెళ్తారు. వెళ్లాల్సింది మీరు నేర్చుకోవడానికి. పది రోజులు పక్కన గది తీసుకుని ఉండండి. పిల్లను రోజూ చూసేది నాయనమ్మ అయితే నాయనమ్మను తీసుకెళ్లండి, ఆఫీసులో పనిచేసే తండ్రిని కాదు. టీచరు చెయ్యి ఎలా పెడుతున్నారో ఫోన్లో వీడియో తీసుకోండి. ఇంటి దగ్గర చేయాల్సినవి రాయించుకుని ఆ కాగితం తెచ్చి మాలాంటి వాళ్లకు ఇవ్వండి. నా మూడో పాప విషయంలో ఆ తల్లి తెచ్చిన కాగితం వల్లే నేను పని నేర్చుకున్నాను.

అహ్మదాబాద్ కేంద్రంగా 1997 నుంచి పనిచేస్తున్న సెన్స్ ఇండియా ఈ ఒక్క సమస్య మీదే పనిచేసే సంస్థ. వేర్వేరు రాష్ట్రాల్లో స్థానిక సంస్థలతో కలిసి నడుపుతారు. మీ దగ్గర ఎవరైనా ఉన్నారా అని వాళ్లను అడగడం మొదటి వారంలోనే చేయాల్సిన పని. ప్రయాస్ అనే తల్లిదండ్రుల నెట్‌వర్క్ కూడా వాళ్ల ద్వారా ఏర్పడిందే. ఇలాంటి బిడ్డను పెంచుతున్న ఇంకో తల్లితో గంటసేపు మాట్లాడితే దొరికే ధైర్యం నేనివ్వలేను, డాక్టరూ ఇవ్వలేరు.

దగ్గర్లో ఉన్న స్పెషల్ స్కూలు

ఇక ఆ తండ్రి అడిగిన మూడు బడుల సంగతి. బోర్డు చూసి తేల్చకండి. వినికిడి కొంత మిగిలి, చెవి మిషన్‌తో పేరు పిలిస్తే తిరిగే పిల్లకు అంధుల బడి పనికొస్తుంది. బ్రెయిలీ, కర్రతో నడక అక్కడే వస్తాయి. దగ్గరి చూపు కొంత ఉన్న పిల్లకు బధిరుల బడి నప్పుతుంది, టీచరు మూడడుగుల దూరంలో, వెలుతురు తన మొహం మీద పడేలా నిలబడి సైగ చేయడానికి ఒప్పుకుంటే. బుద్ధిమాంద్యం బడి దగ్గర నాకు అనుమానం ఎక్కువ. తీసుకుంటామనే ఉదారత మంచిదే. కానీ పిల్ల స్పందించకపోతే తెలివి లేదనుకుని వదిలేసే ప్రమాదం అక్కడే ఎక్కువ. మేము చూసిన ఒక బాబు అలాంటి చోట రెండేళ్లు గోడవార చాపమీద కూర్చుని చేతులు కళ్ల ముందు ఆడించుకుంటూ గడిపాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, వేళకు అన్నం పెట్టారు. అతనితో ఎవరూ మాట్లాడలేదు, అంతే.

వెళ్లి చూసేటప్పుడు క్లాసులో ఒక గంట కూర్చోనివ్వమనండి. ఒప్పుకోకపోతే అదే జవాబు. కూర్చున్నాక ఒకటే గమనించండి: పిల్ల దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ తానెవరో ముందు తెలియజేస్తున్నారా, లేక వచ్చి చెయ్యి పట్టి లాగేస్తున్నారా? టీచర్‌కు ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని అడగండి. పునరావాస మండలిలో నమోదైన స్పెషల్ టీచర్లకు ఆ నంబర్ ఉంటుంది. అడిగితే మొహం మాడ్చుకునే చోట ఇంకో రెండు ప్రశ్నలు ఎక్కువ వేయండి. తీవ్రమైన డెఫ్‌బ్లైండ్ పిల్లకు ఒకరికి ఒకరు ఉండాలి. మహా అయితే ఇద్దరికి ఒకరు. ఎనిమిది మందికి ఒక టీచరు, ఒక ఆయా ఉన్న గదిలో ఎంత మంచి మనసున్నా కుదరదు.

ప్రైవేటు థెరపీ సెంటర్ల గురించి ఎక్కువ చెప్పను. తల్లిని లోపలికి రానిచ్చి చూపించేదైతే డబ్బులు పెట్టండి. తలుపు వేసుకుని ముప్పావుగంట తర్వాత పిల్లను చేతికిచ్చేదైతే వద్దు.

దూరపు హాస్టల్

మన దేశంలో డెఫ్‌బ్లైండ్ పిల్లల కోసం మొట్టమొదటి బడి ముంబైలోని హెలెన్ కెల్లర్ ఇన్‌స్టిట్యూట్. 1977 నుంచి నడుస్తోంది. అనుభవం లెక్క చూస్తే దానికి సాటి వచ్చేవి తక్కువ. పంపాలా వద్దా?

పంపితే దొరికేది ఏమిటంటే, పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా చుట్టూ ఉన్నవాళ్లందరికీ పిల్ల భాష తెలుసు. పైన చెప్పిన ఎనభై గంటలూ నిండుతాయి. తనలాంటి పిల్లలు ఇంకొందరు ఉంటారు. పోయేది ఇంటి వాసన, అమ్మ చీర కొంగు, నాయనమ్మ చెంబు. ఈ పిల్లలకు మనుషులు గుర్తుండేది వాసనతో, స్పర్శతో. ఏడాదికి రెండుసార్లు వచ్చే తల్లి చేతిని గుర్తుపట్టడానికే మొదటి మూడు రోజులు పోతాయి. ఇంకో నష్టం కూడా ఉంది. పిల్ల అక్కడ వంద సైగలు నేర్చుకుని దసరా సెలవులకు ఇంటికొస్తుంది. ఇంట్లో ఎవరికీ ఒక్కటి రాదు. పిల్ల చెబుతూనే ఉంటుంది, వినే చేతులుండవు.

కాబట్టి ఆరేళ్ల లోపు వద్దు. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చి, ఇంట్లో ఆసక్తిగా నేర్చుకుని, మీ మండలంలో ఇక నేర్పేవాళ్లు లేక ఆగిపోయిన పిల్లకైతే ఆలోచించవచ్చు. కుటుంబంతో సహా ఆ ఊరికి మారగలిగితే అన్నిటికన్నా మేలు, కాకపోతే కూలికో వ్యవసాయానికో కట్టుబడిన ఇంటికి ఆ సలహా ఇవ్వడం సులువే, పాటించడం కష్టం. తల్లి పంపిస్తే జాలి లేదని, పంపకపోతే పిల్ల భవిష్యత్తు పాడుచేసిందని, ఎటైనా చుట్టాలు ఏదో ఒకటి అంటారు. ఆ మాటలను లెక్కలో వేసుకోకండి.

ఇంప్లాంటా, చెవి మిషనా, సైగలా?

ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి మన రాష్ట్రాల్లో కాక్లియర్ ఇంప్లాంట్ మధ్యతరగతి, పేద ఇళ్లలో కూడా మామూలు మాట అయింది. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద కూడా చేస్తారు. పుట్టు చెవుడైతే అయిదేళ్ల లోపు చేయించాలంటారు, ఎంత చిన్న వయసైతే అంత మంచిది. చూపు లేని బిడ్డకు వినికిడి విలువ మామూలు చెవిటి బిడ్డకన్నా ఎక్కువ. స్పష్టంగా మాటలు రాకపోయినా తలుపు చప్పుడు, అమ్మ గొంతు, వెనక బండి హారన్ తెలిస్తే చాలు. అందుకని స్కానింగ్‌లో నరం బావుందని తేలితే, నేను చేయించమనే చెబుతాను.

ఆపరేషన్ అయ్యాక మ్యాపింగ్‌లు (పిల్లకు సరిపోయేలా మిషన్‌ను సర్దడం), ఏళ్ల తరబడి థెరపీ, వారంటీ అయిపోయాక కేబుళ్లు, బ్యాటరీల ఖర్చు ఉంటాయి. అవి తెలిసే దిగండి. నాకు అసలు పేచీ ఇంకో చోట. కొందరు థెరపిస్టులు "సైగలు మాన్పించండి, లేకపోతే మాటలు రావు" అంటారు. ఈ పిల్లల విషయంలో ఆ మాట వినకండి. మిషన్ తీసేసిన రాత్రి, ఛార్జింగ్ అయిపోయిన పగలు, స్నానం చేసేటప్పుడు పిల్లకు మిగిలేది చేతులే. ఇంప్లాంట్ కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు ఏ భాషా ఇవ్వకుండా గడపడం నేను చూసిన తప్పుల్లో పెద్దది. చెంబు, చెంచా, చెప్పులతో మొదలుపెట్టండి. ఇంప్లాంట్ వచ్చాక అదీ కలుస్తుంది.

అషర్ పిల్లల దారి వేరు

వీళ్లు పుట్టుకతో చెవిటివాళ్లే కానీ మొదట్లో బాగా చూస్తారు. బధిరుల బడిలో చక్కగా చదువుకుంటుంటారు. ఎనిమిది, పదేళ్లకు సాయంత్రమైతే తడబడటం, హాస్టల్లో రాత్రి మంచాలకు గుద్దుకోవడం, పక్కనుంచి చేసే సైగ చూడకపోవడం మొదలవుతుంది. "అజాగ్రత్త" అని తిట్లు తింటారు. చెవిటి పిల్ల రాత్రిపూట తడబడుతోందంటే రెటీనా డాక్టరుకు చూపించండి.

అలాంటి పిల్లను హడావుడిగా అంధుల బడికి మార్చకండి. వాళ్ల భాష సైగల భాష, స్నేహితులు ఆ బడిలోనే ఉన్నారు. అక్కడే ఉంచి, కర్రతో నడవడం, బ్రెయిలీ, చేతిలో సైగ చేయించుకుని చదవడం చూపు ఉండగానే నేర్పించాలి. పదిహేనేళ్ల పిల్లాడికి ఈ విషయం ఎలా చెప్పాలన్నది తల్లిదండ్రులకు పెద్ద టెన్షన్. సెన్స్ ఇండియాతో కలిసి నడిచే ఉడాన్ అనే పెద్దవాళ్ల నెట్‌వర్క్‌లో తమ బతుకు తాము చూసుకుంటున్న డెఫ్‌బ్లైండ్ మనుషులున్నారు. వాళ్లలో ఒకరితో కలపడం కన్నా మంచి మార్గం నాకు తోచలేదు.

కాగితాలు

సదరం క్యాంపులో చూపు డాక్టరు ఒకటి, చెవి డాక్టరు ఒకటి రాసి, విడివిడిగా రెండు సర్టిఫికెట్లు చేతిలో పెడితే తీసుకుని రాకండి. బహుళ వైకల్యం అని ఒకటే రాయించుకోండి. శాతాలు ఉట్టినే కలపరు, దానికొక సూత్రం ఉంది. ఒకటి 60, ఇంకోటి 45 అయితే మొత్తం 105 కాదు, 75 వస్తుంది. యూడీఐడీ కార్డు, అంటే దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, తీసుకోండి. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీలకు కూడా పెట్టుకోవచ్చు. పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000, తెలంగాణలో 4,016. పద్దెనిమిది నిండాక సంరక్షకుల హక్కు కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు చేయాలి, తల్లిదండ్రులైనా సరే.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట

మా బంధువుల్లో ఒక జంట ఇండియాకు వచ్చేయాలా అని సలహా అడిగారు. అక్కడ మూడేళ్ల దాకా ఇంటికి వచ్చి చూసే సేవలు, ఆ తర్వాత బడిలో ఐఈపీ, అంటే ఆ ఒక్క పిల్ల కోసమే రాసే చదువు ప్లాన్. వీటికి వీసాతో పనిలేదు. ప్రతి రాష్ట్రానికీ డెఫ్‌బ్లైండ్ ప్రాజెక్ట్ ఒకటుంటుంది, బడికి, ఇంటికి ఉచితంగా సలహా ఇస్తారు. ముందు అందులో పిల్ల పేరు నమోదు చేయించండి. ఐఈపీ మీటింగ్‌లో ఇంటర్వీనర్ కావాలని అడగండి. పిల్ల పక్కనే ఉండి చుట్టూ జరిగేది చేతికి అందించే మనిషి అన్నమాట. ఇక్కడ అలాంటి ఉద్యోగమే లేదు, ఆ పని నాయనమ్మలు చేస్తున్నారు. అక్కడ సేవలున్నాయి, నాయనమ్మ లేదు. ఆ జంట అక్కడే ఉండి, అమ్మమ్మను ఆరు నెలలకోసారి పిలిపించుకుంటున్నారు. సబబే అనిపించింది.

చేర్చే రోజు

ఏ చోటు ఎంచుకున్నా పిల్లతో పాటు ఒక డబ్బా పంపండి. ఇంట్లో వాడిన వస్తువులన్నీ అందులో ఉండాలి, ఏది దేనికో ఒక కాగితం మీద రాసి. చెంబు అంటే స్నానం. చెంచా అంటే అన్నం. నైలాన్ తాడు ముక్క అంటే ఉయ్యాల.

ఆ చెంబు పాప డబ్బాలో నా వంతుగా ఒక గాజు ఉండేది. ఆ పాప దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ముందు నా ఎడమ చేతి రాళ్ల గాజును తడమనిచ్చేదాన్ని. నేనెవరో తనకు తెలిసేది అలాగే. ఒకసారి ఆ గాజు తీసి నున్నటి మట్టి గాజులు వేసుకుని వెళ్లాను. పాప నా చెయ్యి తడిమి, తోసేసి, గోడవైపు తిరిగింది. నేను అదే మనిషినని చెప్పడానికి నా దగ్గర ఇంకే ఆధారమూ లేదు. మర్నాడు పాత గాజుతో మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

తొమ్మిదేళ్లకు ఆ పాపను దూరం బడిలో చేర్చారు. డబ్బా సర్దుతుంటే ఆ గాజు తీసి అందులో వేశాను, కాగితం మీద రాయడం మాత్రం మర్చిపోయాను. వారం తర్వాత హాస్టల్ నుంచి ఆయమ్మ ఫోన్ చేసింది. "డబ్బాలో ఆడవాళ్ల గాజు ఒకటుంది మేడమ్, పొరపాటున వచ్చినట్టుంది, కొరియర్ చేయమంటారా?" అని.

వద్దమ్మా, నువ్వు వేసుకుని దాని దగ్గర కూర్చో అన్నాను.